చెరువు మట్టితో సీసాలో సూక్ష్మజీవుల సమూహాన్ని పెంచడం ఎలా

చెరువు అంచున కాలు దిగబడే చోట చెంచాడు బురద తీస్తే అందులో వందల కోట్ల సూక్ష్మజీవులుంటాయి. అన్నీ కలగాపులగంగా ఉంటాయి కాబట్టి మన కంటికి అది వట్టి బురదే. అదే బురదను తెల్లటి సీసాలో పోసి, కాస్త తిండి కలిపి, వెలుతురు తగిలే చోట కదపకుండా ఉంచితే ఒక్కో రకం సూక్ష్మజీవి తనకు సరిపడే ఎత్తులో గుమిగూడుతుంది. రెండు నెలలకు సీసాను పక్కనుంచి చూడండి. అడుగున నలుపు, దాని మీద చిలకపచ్చ, ఆ పైన వంకాయ రంగు, తర్వాత తుప్పు రంగు, అన్నిటికంటే పైన పాచి పచ్చ. మైక్రోస్కోప్ అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు.

దీన్ని వినోగ్రాడ్‌స్కీ స్తంభం అంటారు. 1856లో కీవ్‌లో పుట్టిన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880లలో గంధకం మీద బతికే బ్యాక్టీరియాను పరిశోధిస్తూ ఈ దారి పట్టారు. అప్పట్లో అందరూ ఒక్కొక్క జాతిని విడదీసి, శుభ్రమైన గాజు పళ్లెంలో పెంచి చూసేవాళ్లు. ఆయన మాత్రం వాటిని మట్టిలో, పక్కవాటితో కలిసి బతుకుతుండగానే చూడాలనుకున్నారు. ఇంట్లోనో బడిలోనో చేయదగ్గ సూక్ష్మజీవుల ప్రయోగాల్లో నాకు తెలిసి దీన్ని మించింది లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ సీసాలో మీరు ఏ బ్యాక్టీరియానూ తెచ్చి వేయరు. కావలసినవన్నీ మట్టిలో ముందే ఉన్నాయి, చాలావరకు నిద్రలో. మీరు చేసేదల్లా పరిస్థితులు కల్పించడమే. ఏది ఎక్కడ పెరగాలో, ఏది ఎప్పుడు తగ్గిపోవాలో వెలుతురు, గాలి, తిండి తేలుస్తాయి. ఒక రకం వదిలిన వ్యర్థమే తర్వాతి రకానికి తిండి అవుతుంది. సీసాలో రంగులు ఒకదాని వెనక ఒకటి రావడానికి కారణం అదే.

నేను కడప జిల్లా సామానుతో చెబుతున్నాను. అనంతపురం, కర్నూలు వాళ్లకు కూడా ఇవన్నీ చేతికందేవే.

సామాను

రెండు లీటర్ల తెల్లటి ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి. కూల్‌డ్రింక్‌దైనా నీళ్లదైనా సరే, రంగు సీసా మాత్రం వద్దు. మెడ కింద, సీసా వెడల్పయ్యే చోట కత్తెరతో గుండ్రంగా కోసేస్తే చేతితో నింపడానికి వీలవుతుంది. పొడవాటి గాజు సీసా దొరికితే ఇంకా మంచిది, ఏళ్ల తరబడి ఉంచుకోవచ్చు.

ఒక బకెట్ చెరువు మట్టి, ఒక లీటరు అదే చెరువు నీళ్లు, దినపత్రికలో ఒక పేజీ, జిప్సం ఒక పెద్ద చెంచా, గుడ్డు పెంకుల పొడి ఒక పెద్ద చెంచా, పొడవాటి కర్ర, రబ్బరు గ్లౌజులు, ఒక ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు. ఇంతే.

కాగితం ఎందుకంటే అది దాదాపుగా సెల్యులోజ్, అంటే మొక్కల పీచు. సీసాలో ఉండే జీవులకు నెలల తరబడి నిలవుండే మేత అదే. నున్నగా మెరిసే మ్యాగజైన్ కాగితం పనికిరాదు.

జిప్సం కోసం షాపుకు పరిగెత్తనక్కర్లేదు. చెనిక్కాయ వేసే రైతుల ఇళ్లలో అడగండి. పైరు పూతకొచ్చి ఊడలు దిగే సమయంలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమని వ్యవసాయ అధికారులు చెబుతారు, కాబట్టి సీమ పల్లెల్లో ఎక్కడో ఒక సంచి అడుగున కాస్త మిగిలే ఉంటుంది. కాయ గట్టిపడటానికి రైతుకు అందులోని కాల్షియం కావాలి. మనకు మాత్రం అందులోని సల్ఫేట్ ముఖ్యం, అంటే గంధకం, ఆక్సిజన్ కలిసిన భాగం. అది లేకపోతే రంగుల్లో సగం రావు. ఎందుకో తర్వాత చెబుతాను. చాలామంది జిప్సం బదులు ఉడికించిన గుడ్డు పచ్చసొన వేస్తారు. పని జరుగుతుంది కానీ వాసన భరించడం కష్టం. నా ఓటు జిప్సానికే.

గుడ్డు పెంకులు కార్బోనేట్ కోసం. బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతారు కాబట్టి పిల్లలకు పెంకుల కొదవ ఉండదు. కడిగి, ఎండబెట్టి, మెత్తగా దంచండి. గుడ్డు ముట్టని ఇళ్లవాళ్లు నాపరాళ్లు కోసే యూనిట్ల దగ్గర పడి ఉండే రాతిపొడి తెచ్చుకోవచ్చు. మన కడప బండలూ బేతంచెర్ల నాపరాళ్లూ సున్నపురాయి జాతివే. తెచ్చిన పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. చిన్న చిన్న బుడగలు వస్తే అందులో కార్బోనేట్ ఉన్నట్టే. గోడలకు వేసే సున్నం మాత్రం పొరపాటున కూడా కలపొద్దు. దాని ఘాటుకు మట్టిలో ఉన్నవన్నీ చచ్చిపోతాయి.

మట్టి ఎక్కడ తీయాలి

ఈ ప్రయోగం బాగా వచ్చేదీ రానిదీ సగం ఇక్కడే తేలిపోతుంది.

నీళ్లు ఎక్కువ కాలం నిలిచి, గడ్డీ తుంగా కుళ్లే చోటు వెతకండి. నీటి అంచున నిలబడి కర్రతో గుచ్చి చూస్తే పైన ఎర్రగానో బూడిద రంగులోనో ఉన్న మట్టి కింద, నాలుగైదు అంగుళాల లోతున నల్లటి బంక మట్టి తగలాలి. దాన్ని పైకి తీసినప్పుడు కోడిగుడ్డు మురిగిన వాసన కొద్దిగా వస్తే మీరు సరైన చోటే ఉన్నారు. ఇసుక మట్టి అయితే వదిలేయండి, నీళ్లు, గాలి దాంట్లోంచి సులువుగా దిగిపోతాయి. మురుగు కాలువ కలిసే చోట, బట్టలు ఉతికే రేవు దగ్గర తీయొద్దు. తూము దగ్గర అసలు దిగొద్దు, అక్కడ లోతు ఎక్కువ. పిల్లలు వెళ్తే పక్కన ఈత వచ్చిన పెద్దవాళ్లు తప్పనిసరిగా ఉండాలి. వానాకాలంలో చెరువు నిండుగా ఉన్నప్పుడు కాకుండా, నీళ్లు కాస్త వెనక్కి తగ్గాక వెళ్తే పని సులువు, భయమూ ఉండదు.

నన్నడిగితే పోరుమామిళ్ల చెరువు మట్టి లాంటిది ఉండదంటాను. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు దాన్ని తవ్వించాడు. 1369 నాటి శాసనం ఇప్పటికీ ఉంది, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలేమిటో అందులో చెక్కించారు. ఆరున్నర శతాబ్దాలుగా వాన వచ్చినప్పుడల్లా కొండల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు అక్కడ పేరుకుంటోంది. మీ ఊరి చెరువు ఇంత పాతది కాకపోయినా ఫరవాలేదు. బుక్కరాయసముద్రం వాళ్లకు, శింగనమల వాళ్లకు వాళ్ల చెరువులే ఉన్నాయి. కర్నూలు వైపు కె.సి. కెనాల్ కింద ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లు నిలిచే వరి మడి మట్టి కూడా పనికొస్తుంది, ఈ మధ్య పురుగుమందు కొట్టని మడి అయితే చాలు.

పైమట్టి, లోపలి నల్లమట్టి రెండూ కలిపి బకెట్‌లో వేసుకోండి. చెరువు నీళ్లు విడిగా ఒక సీసాలో పట్టుకోండి. గ్లౌజులు వేసుకునే చేయండి, చేతికి పుండో గాయమో ఉంటే ఆ రోజు మట్టి పని వేరేవాళ్లకు అప్పగించండి.

సీసా నింపడం

ఇంటికొచ్చాక మట్టిలోంచి రాళ్లు, పుల్లలు, నత్తగుల్లలు, పురుగులు ఏరేయండి. వానపాము గానీ నత్త గానీ లోపల ఉండిపోతే పొరల్ని తొలిచి కలిపేస్తుంది. చెరువు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి, దోసెల పిండి కంటే కొంచెం చిక్కగా రావాలి. గరిటతో ఎత్తి వదిలితే ముద్దలు ముద్దలుగా కాకుండా సాగుతూ జారాలి.

ఇందులో మూడో వంతు మట్టిని వేరే గిన్నెలోకి తీసుకోండి. దినపత్రిక పేజీని వేలి గోరంత ముక్కలుగా చించి అందులో వేయండి. జిప్సం, పెంకుల పొడి కూడా వేసి బాగా కలపండి. కాగితం ఎక్కువ వేస్తే త్వరగా వస్తుందనుకోవద్దు. కాగితం ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ పుట్టి, మట్టి మధ్యలో పగిలి పైకి లేస్తుంది.

ఈ కలిపిన మట్టిని సీసా అడుగున నాలుగైదు అంగుళాల మందాన వేయండి. వేస్తూ వేస్తూ సీసాను నేల మీద మెత్తగా తట్టండి, కర్రతో పక్కల వెంట గుచ్చండి. గాలి బుడగలు పైకి వచ్చేయాలి. లోపల చిక్కుకున్న గాలి ఆ చోట ఆక్సిజన్ అందిస్తూ ఉంటుంది, అక్కడ మనకు కావలసిన పొర కట్టదు. ఒక పాత ఇనుప మేకు ఉంటే సీసా గోడకు ఆనుకునేలా మట్టిలో గుచ్చండి. దాని చుట్టూ నలుపు ముందుగా, చిక్కగా కడుతుంది. పిల్లలకు చూపించడానికి బావుంటుంది.

తర్వాత ఏమీ కలపని మట్టిని సీసాలో ముప్పావు వంతు వచ్చేదాకా వేయండి, మళ్లీ తట్టండి. దాని మీద చెరువు నీళ్లు ఒక అంగుళం పోయండి. నీళ్లు మీద పడి మట్టి లేవకుండా చెంచా వెనక వైపు మీదుగా నెమ్మదిగా వదలండి. పైన ఇంకో అంగుళం ఖాళీ ఉండాలి. ప్లాస్టిక్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేసి, గుండుసూదితో నాలుగు చిల్లులు పెట్టండి. గట్టి మూత బిగించొద్దు, గ్యాస్ పట్టి సీసా ఉబ్బుతుంది. అలాగని తెరిచి కూడా ఉంచొద్దు. మన ఊళ్లలో మూత లేని నీళ్లంటే దోమలు గుడ్లు పెట్టడానికి పిలుపే.

ఎక్కడ పెట్టాలి

ఉత్తరం వైపు కిటికీ దగ్గర పెట్టండి. వెలుతురు బాగా రావాలి, నేరుగా ఎండ పడకూడదు. కడపలో మార్చి దాటితే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండలో సీసా లోపల ఇంకా వేడెక్కి జీవులు ఉడికిపోతాయి. అందుకే అక్టోబర్, నవంబర్‌లో మొదలుపెట్టి సంక్రాంతికి రంగులు చూసేలా ప్లాన్ చేసుకోండి. 25 నుంచి 30 డిగ్రీలు దీనికి బాగా సరిపోతుంది.

కిటికీ లేకపోతే ఎల్‌ఈడీ లైటు పెట్టొచ్చు కదా అని పిల్లలు అడుగుతుంటారు. పైనుండే పాచి దానికి పెరుగుతుంది కానీ మనకు ముఖ్యమైన వంకాయ రంగు బ్యాక్టీరియా మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వాడుకుంటుంది. మామూలు ఎల్‌ఈడీ బల్బులో అది దాదాపు ఉండదు. పాత కాలపు ఫిలమెంట్ బల్బులో పుష్కలంగా ఉంటుంది. 40 వాట్ల బల్బు ఒక మూరెడు దూరంలో పెడితే చాలు. అయినా కిటికీ వెలుతురే మేలు.

ఒకసారి పెట్టాక కదపొద్దు, తిప్పొద్దు. వెలుతురు ఎటు నుంచి వస్తే ఆ వైపే రంగులు ముందు వస్తాయి. అది కూడా చూడాల్సిన విషయమే.

లోపల ఏం జరుగుతుంది, మీరు ఏం చూడాలి

మొదటి వారం. నీళ్లు మురికిగా ఉండి మెల్లగా తేరుకుంటాయి. అక్కడక్కడ బుడగలు. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు కానీ లోపల అసలు మలుపు ఈ రోజుల్లోనే వస్తుంది. ఆక్సిజన్ పీల్చే బ్యాక్టీరియా ముందుగా విజృంభిస్తాయి. తిండి ఉంది, గాలి ఉంది, వాటికి అడ్డే లేదు. కానీ అవి పెరిగేకొద్దీ మట్టిలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది, కాబట్టి పైనుంచి కొత్తది వచ్చి చేరదు. మట్టిలో పై కొన్ని మిల్లీమీటర్లు తప్ప కిందంతా ఆక్సిజన్ లేని చోటు అయిపోతుంది. ఏ జీవులు మొదట రాజ్యమేలాయో వాటి పెరుగుదలే వాటికి చోటు లేకుండా చేసి, వేరే రకాలకు చోటు చూపించింది.

ఆక్సిజన్ అయిపోయాక ఊపిరికి దాని బదులుగా ఏది దొరికితే దాన్ని వాడే జీవులు వంతుల వారీగా లేస్తాయి. ముందు నైట్రేట్, తర్వాత మాంగనీస్, ఆ తర్వాత ఇనుము, ఆపైన సల్ఫేట్, అన్నిటికంటే చివర మీథేన్ చేసేవి. ఎక్కువ శక్తి ఇచ్చేది ముందు, తక్కువ ఇచ్చేది తర్వాత. ఎర్రనేలల చెరువుల మట్టి అయితే ఇనుము వంతు మీ కంటికే కనిపిస్తుంది. మట్టిలో ఎరుపు ఇనుము తుప్పు వల్లే వస్తుంది. ఇనుముతో ఊపిరి తీసే బ్యాక్టీరియా ఆ తుప్పును కరిగించేస్తాయి, ఎర్రమట్టి కింద నుంచి బూడిద రంగుకు తిరుగుతుంది. అనంతపురం మట్టి తీసుకున్నవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గమనించండి, నల్లరేగడి వాళ్లకు ఇంత స్పష్టంగా కనబడదు.

రెండో వారం నుంచి నాలుగో వారం దాకా అడుగున నల్లటి మచ్చలు మొదలై పాకుతాయి. చాలామంది ఇది చూసి సీసా పాడైపోయిందని పారబోస్తారు. టెన్షన్ పడకండి, ఇదే కావాలి. కాగితం ముక్కల్ని క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా, వాటి తోటివి చీల్చి ఆమ్లాలు, ఆల్కహాల్, హైడ్రోజన్ వదులుతాయి. వాటిని డీసల్ఫోవిబ్రియో అనే బ్యాక్టీరియా తింటూ, మనం ఆక్సిజన్ పీల్చినట్టుగా అవి మీరు వేసిన జిప్సంలోని సల్ఫేట్‌ను వాడుకుంటాయి. మనం వదిలేది బొగ్గుపులుసు గాలి, అవి దాంతో పాటు వదిలేది హైడ్రోజన్ సల్ఫైడ్. మురిగిన గుడ్డు వాసన దానిదే. అది మట్టిలోని ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. మేకు పెట్టినవాళ్లు దాని చుట్టూ నల్లటి వలయాన్ని చూస్తారు.

వాసన గురించి ఒక జాగ్రత్త. సీసాలో పుట్టే గ్యాస్ కొద్దిగానే ఉంటుంది కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ విషమే. మూత తీసి ముక్కు దగ్గర పెట్టి పీల్చొద్దు. సీసాను పడకగదిలో కాకుండా వరండాలోనో గాలి ఆడే గదిలోనో ఉంచండి.

నాలుగు నుంచి ఎనిమిది వారాలు. ఇక్కడే ఓపిక పట్టలేక చాలామంది వదిలేస్తారు. చాలా రోజులు ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఒక ఉదయం వెలుతురు వైపు గాజు మీద పెసరగింజంత వంకాయ రంగు మచ్చ. రెండు మూడు రోజులకు అది రూపాయి బిళ్లంత. ఇది ఉన్నట్టుండి రావడం కాదు. లెక్క వేసి చూడండి. ఒక బ్యాక్టీరియా రోజుకొకసారి రెట్టింపవుతుందనుకుంటే 10 రోజులకు 1,024 అవుతాయి, 20 రోజులకు 10 లక్షలు దాటుతాయి, 30 రోజులకు 107 కోట్లు. మొదటి 20 రోజుల పెరుగుదల అంతా మన కంటికి ఆనని స్థాయిలో జరిగిపోతుంది. పిల్లలతో ఈ లెక్క బోర్డు మీద వేయించాక సీసా ముందు నిలబెడితే వాళ్లు ఆ మచ్చను చూసే తీరే మారిపోతుంది.

వంకాయ రంగువి క్రోమేషియం లాంటి గంధక బ్యాక్టీరియా. మొక్క కిరణజన్య సంయోగక్రియకు నీటిని వాడి ఆక్సిజన్ వదులుతుంది కదా. ఇవి నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతాయి, ఆక్సిజన్ బదులు గంధకం మిగులుతుంది. క్రోమేషియం ఆ గంధకాన్ని తన ఒంట్లోనే గింజలుగా దాచుకుంటుంది, అవసరమైనప్పుడు దాన్ని మళ్లీ సల్ఫేట్‌గా మార్చేస్తుంది. ఆ సల్ఫేట్ కిందికి దిగితే డీసల్ఫోవిబ్రియోకు మళ్లీ ఊపిరి. కింది పొర వదిలిన విషం పై పొరకు ముడిసరుకు, పై పొర వదిలింది కింది పొరకు అవసరం. కాగితం అందిస్తున్న తిండీ కిటికీ ఇస్తున్న వెలుతురూ ఉన్నంత కాలం ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. జిప్సం వేయకపోతే ఈ చక్రం సరిగా తిరగదు.

వంకాయ రంగు కింద, నలుపుకు ఆనుకుని చిలకపచ్చ గీత కోసం వెతకండి. అది క్లోరోబియం లాంటి ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా. అన్ని సీసాల్లోనూ రాదు, వస్తే అదృష్టమే. వంకాయ రంగు వాటి కంటే ఇవి హైడ్రోజన్ సల్ఫైడ్ ఘాటును ఎక్కువ తట్టుకుంటాయి, తక్కువ వెలుతురుతో బతకగలవు. అందుకే కింద ఉంటాయి. పై పొరలు వాడుకోని రంగు కాంతిని ఇవి పట్టుకుంటాయి కాబట్టి ఒకే వెలుతురు మీద ఇన్ని రకాలు పోట్లాట లేకుండా బతుకుతున్నాయి.

నల్ల మట్టికీ పైనున్న నీటికీ మధ్య తుప్పు రంగు గీత కడుతుంది. కింద కరిగిన ఇనుము పైకి వచ్చి ఆక్సిజన్ తగలగానే మళ్లీ తుప్పుగా మారే చోటు అది. కొన్నిసార్లు అక్కడే తెల్లటి సన్నటి దారాలు పరుచుకుంటాయి. అది బెగ్గియటోవా అనే బ్యాక్టీరియా. వినోగ్రాడ్‌స్కీ దాన్ని చూసే, ఒక జీవి తిండిలోని శక్తితో కాకుండా హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి ఖనిజ పదార్థాన్ని మండించి బతకగలదని 1887లో చెప్పారు. అప్పటిదాకా ఎవరూ ఊహించని బతుకు అది. బడిలో మైక్రోస్కోప్ ఉంటే సూది లేని సిరంజితో ఆ తెల్ల దారాల్ని చుక్కంత లాగి 400 రెట్లలో చూడండి. దారం లోపల మెరిసే గింజలు గంధకమే.

ఇక అన్నిటికంటే పైన, నీళ్లలో పాచి. ఇందులో శైవలాలతో పాటు సైనోబ్యాక్టీరియా ఉంటాయి. ఆక్సిజన్ వదిలేవి ఇవే. 240 కోట్ల ఏళ్ల క్రితం భూమి గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది వీటి వల్లే. వీటి ఆనవాళ్లు చూడాలంటే మనం దూరం వెళ్లనక్కర్లేదు. వేంపల్లె చుట్టుపక్కల డోలమైట్ రాళ్లలో, గోపురాల్లా ఒంపు తిరిగిన సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉన్నప్పుడు, సూక్ష్మజీవుల చాపలు ఒండ్రును పట్టి పొర మీద పొరగా పెంచినవి. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతి పొరకు వేంపల్లె పేరే పెట్టారు. సీసా చేయించిన తర్వాత పిల్లల్ని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లి ఆ రాయి చూపించండి, పాఠంలో ఎంత చెప్పినా రానిది అక్కడ వస్తుంది.

రెండో సీసా, మూడో సీసా

ఒక్క సీసాతో రంగులు చూస్తారు. ఏ రంగు దేని వల్ల వచ్చిందో తెలియాలంటే పక్కన పోల్చడానికి ఇంకోటి ఉండాలి. అందుకని ఒకే మట్టితో, ఒకే రోజున కనీసం మూడు చేయండి. మొదటిది పైన చెప్పినట్టే. రెండోది జిప్సం లేకుండా. మూడోదానికి అన్నీ వేసి, చుట్టూ నల్లటి గుడ్డ చుట్టి చీకట్లో ఉంచండి. చీకటి సీసాలో నలుపు వస్తుంది, ఎందుకంటే సల్ఫేట్ వాడేవాటికి వెలుతురుతో పనిలేదు. వంకాయ రంగు, చిలకపచ్చ, పాచి రావు. జిప్సం లేని దాంట్లో నలుపు పలచగా ఉండి, వంకాయ రంగు ఆలస్యంగా వస్తుంది లేదా రాదు. చౌడు నేలలున్న ఊరివాళ్లు చౌడు మట్టితో నాలుగోది చేస్తే ఉప్పు తట్టుకునే రకాలు వేరే తీరులో పెరగడం చూడొచ్చు.

ప్రతి సీసా పక్కన అడుగు నుంచి పైదాకా తెల్ల కాగితం పట్టీ అతికించి సెంటీమీటర్లు గీయండి. వారానికోసారి, ఒకే రోజు, ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫోటో తీయండి. ఫోటో ఉంది కదా అని నోట్‌బుక్ మానొద్దు. ఏ రంగు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర మొదలై ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఫోన్ కెమెరాలు రంగుల్ని తమకు తోచినట్టు మార్చేస్తాయి.

అనుకున్నట్టు రాకపోతే

పదో వారానికి కూడా వంకాయ రంగు రాకపోతే ముందు వెలుతురు చూడండి, తర్వాత వాసన. వాసన అసలు లేకపోతే మట్టిలో ఇసుక ఎక్కువై గాలి దిగుతోందన్నమాట. కొత్త మట్టితో మళ్లీ చేయడమే మంచిది. వాసన ఉండి రంగు లేకపోతే వెలుతురు చాలడం లేదు.

పైన పాచి మరీ చిక్కగా పట్టి కింద గోడల మీదికి కూడా పాకితే ఎండ ఎక్కువ పడుతోంది, సీసాను కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి జరపండి. మట్టి మధ్యలో పగులు వచ్చి ఖాళీ కనిపిస్తే గ్యాస్ తోసింది. సన్నటి పుల్లతో పైనుంచి ఒక్కసారి నిలువుగా గుచ్చితే సర్దుకుంటుంది, కెలకొద్దు. నీళ్లు తగ్గితే చెరువు నీళ్లే పోయండి. అవి లేకపోతే కుళాయి నీళ్లను ఒక రాత్రంతా మూత లేకుండా బకెట్‌లో ఉంచి పోయండి, అందులోని క్లోరిన్ పోవాలి. ఆర్‌ఓ నీళ్లు వద్దు, వాటిలో ఖనిజాలు ఏమీ మిగలవు.

ఎన్నాళ్లు ఉంచుకోవచ్చంటే, నీళ్లు ఎండకుండా చూస్తే ఏళ్లు. మొదటి రెండు నెలల్లో మార్పులు వేగంగా ఉంటాయి, తర్వాత నెలల తరబడి దాదాపు అలాగే నిలుస్తుంది, కాగితం అయిపోవస్తుంటే రంగులు ఒక్కొక్కటే వెనక్కి తగ్గుతాయి. అప్పుడు కూడా ఫోటోలు ఆపకండి, తగ్గే వరుస కూడా చూడదగ్గదే.

పారబోయాలనుకున్నప్పుడు ఆరుబయట, గ్లౌజులు వేసుకుని, ఏ పెరట్లోని చెట్టు మొదట్లోనో గుంట తీసి పోసి మట్టి కప్పేయండి. వంటింటి సింక్‌లోనో బాత్‌రూమ్‌లోనో పోయొద్దు. దానికి ముందు వంకాయ రంగు పొరలోంచి ఒక చెంచా మట్టి తీసి పెట్టుకుని, కొత్త సీసా నింపేటప్పుడు పై మట్టిలో కలపండి. ఈసారి ఆ రంగు చాలా ముందుగా వస్తుంది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి.